వాన ఒకచోట, వరద ఒకచోట, ముంపు మన చోట

ఏటా జులై, ఆగస్టు నెలల్లో గోదారి ఎర్రబడగానే మన పల్లెల్లో ఒక ప్రశ్న వినబడుతుంది. "ఇక్కడ చినుకు పడలేదు గదా, ఇన్ని నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తన్నాయండీ?" లంకల్లోనూ, ఏటిగట్టు వెంబడి పేటల్లోనూ మీటింగులు పెట్టినప్పుడు కూలిరేట్ల సంగతి అయిపోయాక మమ్మల్ని ఎక్కువమంది అడిగింది ఇదే. దీనికి రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. గంగమ్మతల్లికి కోపం వచ్చిందనేది ఒకటి. ప్రకృతి వైపరీత్యం అని ఆఫీసు కాగితం మీద రాసేది రెండోది. మాటల్లోనే తేడా. రెండూ చెప్పేది ఒక్కటే, ఎవరినీ ఏమీ అడగవద్దని.

వాన ప్రకృతిదే. కాదనం. అయితే కురిసిన వాన ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగాలి, ఎవరి ఇంట్లోకి రావాలి అన్నదాంట్లో మనిషి చెయ్యి చాలా ఉంది. ఆ చెయ్యి ఎవరిదో తెలియాలంటే ముందు నీటి నడక తెలియాలి. ఇదేమీ ఇంజనీర్లకు మాత్రమే అర్థమయ్యే బ్రహ్మవిద్య కాదు. మడికి నీరు పెట్టిన ప్రతి మనిషికీ ఇందులో సగం తెలుసు.

పొయ్యి మీద ఎసరు మరిగేటప్పుడు మూత తీసి చూడండి. మూత లోపలివైపు నీటి బొట్లు పట్టి ఉంటాయి. ఆవిరి చల్లబడితే నీరవుతుంది. సముద్రం మీద జరిగేదీ అదే, కాకపోతే పొయ్యి స్థానంలో సూర్యుడు ఉంటాడు. భూమి మొత్తం మీద లేచే ఆవిరిలో నూటికి 85 వంతుల పైచిలుకు సముద్రాలనుంచే లేస్తుంది. నైరుతి గాలి ఆ తడిని మన మీదికి మోసుకొస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే గాలి అటు గుంజుకుపోయి పైకి లేచి చల్లబడి కురుస్తుంది. నేల మీద పడిన నీటికి మూడు దారులు. కొంత నేలలోకి ఇంకుతుంది, కొంత ఎండకూ చెట్టుకూ మళ్లీ ఆవిరవుతుంది, మిగిలింది వాలు చూసుకుని పారుతుంది. పారింది వాగులో, వాగు ఏట్లో, ఏరు సముద్రంలో కలుస్తాయి. మళ్లీ ఎండ, మళ్లీ ఆవిరి. కొత్త నీరంటూ ఎక్కడా పుట్టదు, ఉన్న నీరే తిరుగుతూ ఉంటుంది.

వరదకు సంబంధించినంతవరకు ఆ మూడో దారే ముఖ్యం. ఎంత పారుతుందన్నది ఎంత కురిసిందన్నదాని మీద ఒక్కదాని మీదే ఆధారపడదు. తొలకరిలో పది సెంటీమీటర్లు కురిసినా నెర్రెలిచ్చిన నేల తాగేస్తుంది. శ్రావణమాసంలో నేల నిండుగా ఉన్నప్పుడు అదే పది సెంటీమీటర్లు కురిస్తే తాగే చోటు ఉండదు, దాదాపు అంతా పారుతుంది. నిండిన కుండ మీద పోసినట్టే. గోదారి పెద్ద వరదలు చాలావరకు మొదటి వానకు కాకుండా వరసవానల తర్వాత రావడానికి కారణం ఇదే.

ఒక్క ఎకరం మీద పది సెంటీమీటర్ల వాన పడితే ఎన్ని నీళ్లో లెక్క వేశారా? 4 లక్షల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు 80 కావాలి దాన్ని మొయ్యడానికి. ఒక్క ఎకరానికే ఇంత అయితే ఒక నదికి ఎంత?

నది అంటే రెండు గట్ల మధ్య పారే నీరు అనుకుంటాం. అది నదిలో అన్నిటికంటే చిన్న భాగం. ఏ నేల మీద పడిన చినుకు ఆ నదిలోకి జారుతుందో ఆ నేలంతా నదే. పరీవాహక ప్రాంతం అని పుస్తకాల్లో రాసేది దీన్నే. పెంకుటింటి కొప్పు మీద పడిన వాన ఎలా చీలుతుందో చూడండి. ఇటు పడింది ఇటు చూరునుంచి, అటు పడింది అటు చూరునుంచి కారుతుంది. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకం కొండలు మన దేశానికి అలాంటి కొప్పు. కొండకు పడమట పడిన చినుకు 80 కిలోమీటర్లు పోయి అరేబియా సముద్రంలో పడుతుంది. తూర్పున పడిన చినుకు గోదారై 1,465 కిలోమీటర్లు నడిచి మన అంతర్వేది, యానాం దగ్గరకు వస్తుంది. మధ్యలో అది కూడగట్టుకునే నీరు 3,12,812 చదరపు కిలోమీటర్ల నేల మీదిది. అంటే దేశంలో పదోవంతుకు దగ్గర దగ్గర. సగానికి కొంచెం తక్కువగా మహారాష్ట్ర, తర్వాత తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశా, ఒక మూల కర్ణాటక. ఇన్ని రాష్ట్రాల చూరునీరంతా ధవళేశ్వరం అనే ఒక్క ముంగిట పడుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఈ నేలంతటి మీదనుంచీ ఒక్క సెంటీమీటరు మందాన నీరు పారితే 110 టీఎంసీలు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ ఉధృతి ఒక రోజు అలాగే ఉంటే పోయే నీరు 302 టీఎంసీలు. పరీవాహకమంతటికీ పరిచి చూస్తే మూడు సెంటీమీటర్లు కూడా లేదు. మన చిటికెనవేలంత నీరు. ఆకాశానికి చిల్లు పడనక్కరలేదు, విశాలమైన నేల మీద వేలంత నీరు ఒకేసారి జారితే చాలు.

మరి ధవళేశ్వరం బ్యారేజీ ఆ నీటిని ఆపలేదా అని అడుగుతారు. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. దాని స్థానంలో 1970 తర్వాత ఇప్పుడున్న బ్యారేజీ వచ్చింది. రెండూ కాలవలకు నీటిని మళ్లించడానికి కట్టినవే, వరదను దాచడానికి కాదు. బ్యారేజీ వెనక నిలిచేది 3 టీఎంసీలు. 1986 నాటి ప్రవాహానికి అది పావుగంట నీరు. ఖాళీగా ఉన్నా పావుగంటలో నిండిపోతుంది. అందుకే వరద రాగానే తలుపులన్నీ ఎత్తేసి, వచ్చింది వచ్చినట్టు వదిలేస్తారు. తలుపులు ఎత్తారు కాబట్టి మునిగామని ఆ గేట్ల దగ్గర పనిచేసే లస్కరును తిట్టడంలో అర్థం లేదు.

నాసిక్‌లో గోదారి పొంగింది, గుళ్లు మునిగాయి అని వార్త వస్తే మనవాళ్లు కంగారుపడతారు. నిజానికి నాసిక్ వరద మన దాకా రావడం కష్టం. అక్కణ్ణుంచి మరాఠ్వాడా మీదుగా వచ్చే పై గోదారి చాలావరకు వానలు తక్కువగా పడే మెట్టసీమ. జాయక్వాడీ, శ్రీరాంసాగర్ లాంటి పెద్ద జలాశయాలు దారిలో ఉన్నాయి. మనల్ని ముంచేవి వేరే. కాళేశ్వరం దగ్గర కలిసే ప్రాణహిత మొదటిది. వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగ మూడూ కూడి ప్రాణహిత అవుతాయి. గోదారి పరీవాహకంలో మూడోవంతుకు పైగా దానిదే. రెండోది ఒడిశా కలహండి కొండల్లో పుట్టి బస్తరు అడవుల గుండా వచ్చే ఇంద్రావతి. మూడోది కూనవరం దగ్గర కలిసే శబరి. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం వాయవ్యంగా నడిస్తే దాని దారి సరిగ్గా ఈ మూడు నదుల నెత్తి మీదుగానే. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భ అని రేడియోలో పేర్లు వరసగా వినబడుతున్నాయంటే లంకల్లో పాడిపశువుల్ని గట్టెక్కించుకోవలసిన టైము వచ్చిందన్నమాట.

భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టు 16న అక్కడ 75.6 అడుగులు వచ్చింది. 2022 జులై 16న 71.3 అడుగులు. అక్కడి పోటు ధవళేశ్వరానికి ఒక రోజు అటూ ఇటుగా చేరుతుంది. కాబట్టి కోనసీమకు భద్రాచలం అంకె ముందుగా వచ్చిన ఉత్తరం లాంటిది. అయితే ఆ ఒక్క అంకెనే నమ్ముకుంటే కుదరదు. 2006లో భద్రాచలం దగ్గర 66.9 అడుగులే, ధవళేశ్వరంలో మాత్రం 28.5 లక్షల క్యూసెక్కులు. 2022లో భద్రాచలం 71.3 ఉన్నా ధవళేశ్వరం దాదాపు 25.8 లక్షల దగ్గర ఆగింది. శబరి కలిసేది భద్రాచలం దాటాక. చింతూరు వైపు ఎంత కురిసిందో, కూనవరం దగ్గర ఎంత ఉందో కూడా అడిగి తెలుసుకోవాలి. 2006లో గట్లకు గండ్లు పడి కోనసీమ పల్లెలు మునిగిన సంగతి ఎవరూ మరచిపోలేదు.

అడవులు నరికెయ్యబట్టే ఈ వరదలు అని చదువుకున్న కుర్రాళ్లు మాతో వాదిస్తుంటారు. సగం నిజం. అడవి నేల వానను ఇంకించుకుంటుంది, మట్టిని పట్టి ఉంచుతుంది. చిన్న వానల్లో వాగు ఒక్కసారిగా పొంగకుండా కాపాడుతుంది. కాని నేల నిండిపోయిన తర్వాత కురిసే కుంభవృష్టిని ఏ అడవీ ఆపలేదు. 1953లో ఇప్పటికన్నా అడవి ఎక్కువే, ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర వరద 30 లక్షల క్యూసెక్కులు. అడవి ఉండాలి, అందుకు వేరే కారణాలు వంద ఉన్నాయి. కాని నింద అంతా పోడు కొట్టుకునే గిరిజనుడి గొడ్డలి మీద వేసి మిగతా అందరూ తప్పుకునే వాదం మాత్రం మేము ఒప్పుకోం. గాలి సంగతి ఎవరు చెప్పాలి? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తడిని మొయ్యగలదు. మోసినది ఎక్కడో ఒకచోట గుమ్మరిస్తుంది. గాలిని వేడెక్కించింది పోడుమంట కంటే చాలా పెద్ద మంటలే.

పోలవరం మాట ఎత్తకుండా గోదారి వరద గురించి రాయడం ఇప్పుడు కుదరదు. స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కులు వదిలేటట్టు కట్టారు. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే వైపు తిప్పారు. దానికి ముందే అడ్డంగా ఎగువ కాఫర్‌డ్యాం లేచింది. నది వెడల్పంతా పారే నీరు ఒక పక్కకు మళ్లి పోవలసి వచ్చినప్పుడు వెనక నీరు ఎత్తు పెరుగుతుంది. పొలంలో బోదెకు అడ్డంగా నాలుగు పారల మట్టి వేసి పక్కనుంచి చిన్న దారి ఇస్తే వెనక ఏమవుతుందో చిన్నపిల్లవాడికీ తెలుసు.

ఇక్కడ కాంటూరు అనే మాట గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే వేల కుటుంబాల బతుకు ఈ మాట మీద ఆడుతోంది. కాంటూరు అంటే సముద్రమట్టంనుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ గీసిన గీత. మొదటి విడత 41.15 మీటర్ల కాంటూరు దాకా నీరు నిలుపుతాం, ఆ గీత లోపల ఉన్న ఊళ్లకు ముందు పరిహారం, పునరావాసం అన్నారు. నిలవనీటికి ఆ లెక్క సరిపోతుంది. పళ్లెంలో పోసిన నీరు అంచునుంచి అంచుకు సమంగా ఉంటుంది. కాని వరద పళ్లెంలో నీరు కాదు, పారే నీరు. పారే నీటికి వాలు ఉంటుంది. కింద డ్యాం దగ్గర ఒక ఎత్తు ఉంటే, పైన కూనవరం దగ్గర అంతకంటే ఎక్కువ ఎత్తు ఉంటేనే నీరు కిందికి కదులుతుంది. పైగా గోదారి ఎత్తుగా ఉంటే శబరి దిగడానికి దారి లేక వెనక్కి ఎగదన్నుతుంది. 2022 జులైలో కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, ఎటపాక మండలాల్లో జరిగింది అదే. గీత అవతల ఉన్నారు, మీరు మునగరు అని చెప్పించుకున్న ఊళ్లు కూడా మునిగాయి. కొండల మీద ప్లాస్టిక్ పట్టాలు కట్టుకుని రోజులు గడిపారు. కాగితం మీద గీత అడ్డంగా ఉంటుంది, నీటికి ఆ గీత కనబడదు. లక్షకు పైగా కుటుంబాలు ఖాళీ చెయ్యవలసిన ప్రాజెక్టులో ఎవరు లోపల, ఎవరు బయట అన్నది ఈ గీతతో తేల్చడం ఎంత అన్యాయమో ఆ ఏడు నీళ్లే చూపించాయి. ప్రాజెక్టు వద్దని మేము అనడంలేదు. డెల్టా ఆయకట్టుకు, మెట్టకు ఆ నీరు కావాలి. కాలవ కిందవాడి పంటకు కొండమీదివాడి ఊరు మదుపు కావడమే వద్దంటున్నాం.

వరద వేరు, ముంపు వేరు, ఉప్పెన వేరు. మన పెద్దవాళ్లు ఈ మూడు మాటల్నీ ఎప్పుడూ కలపలేదు. ఏరు తెచ్చేది వరద. సముద్రం తెచ్చేది ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చిపెట్టినటువంటిది. మన మడిలోనే పడి, పోయే దారి లేక నిలిచిపోయేది ముంపు. లెక్కలు రాసేవాళ్లు మూడింటినీ ఒకే పద్దులో వేస్తారు. కాని డెల్టాలో కూలీవాడి కడుపు ఎక్కువసార్లు కొట్టింది ఈ మూడోదే. పత్రికల్లో ఫోటో పడనిది కూడా ఇదే.

గట్టు వరదను ఆపుతుంది, నిజమే. ఆ గట్టే లోపల కురిసిన నీటినీ ఆపుతుంది. భద్రాచలంలో కరకట్ట కట్టాక గోదారి ఊళ్లోకి నేరుగా రావడం తగ్గింది. కాని కట్టలోపల పడిన వాన స్లూయిజు గుండా పోవాలి, బయట గోదారి ఎత్తుగా ఉంటే స్లూయిజు మూసెయ్యాలి, మూస్తే ఊళ్లో నీరు ఊళ్లోనే. మోటార్లు పెట్టి తోడిపొయ్యడం తప్ప దారి లేదు. డెల్టా అంతా ఇదే కథ, కాకపోతే మోటార్లు లేకుండా. డెల్టా నేల సముద్రం వైపు వాలేది చాలా కొద్దిగా. ఆ కొద్ది వాలు మీదే మురుగంతా కోళ్లలోకి, డ్రెయిన్లలోకి దిగి ఉప్పుటేర్లకు చేరాలి. అమావాస్య, పున్నం పోట్ల రోజుల్లో సముద్రమే ఎదురొస్తుంది, డ్రెయిను మొగ దగ్గర నీరు కదలదు. అటువంటి చోట గుర్రపుడెక్క అల్లుకుని, తూడు పెరిగి, ఒండ్రు మేటవేసి, గట్టు పక్క ఆసామి అడుగు అడుగు లోపలికి జరిగి చెరువు వేస్తే ఇక నీరు పోయేదెక్కడికి?

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. 1964 వరదల తర్వాత మిత్రా కమిటీ వేశారు. డెల్టాల మురుగు పారుదలను బాగుచెయ్యాలని ఆ కమిటీ చెప్పింది. డబ్బు కోసం 1968లో డ్రైనేజి సెస్సు చట్టం చేసి కృష్ణా, గోదావరి, పెన్నా డెల్టాల రైతుల మీద పన్ను వేశారు. అంటే మురుగు పోవాలంటే ఏం చెయ్యాలో ప్రభుత్వాలకు అరవయ్యేళ్లుగా తెలుసు. అయినా యనమదుర్రు, గోస్తనీ, తుల్యభాగ, కౌశిక పేర్లు చెబితే రైతు మొహం చిట్లించుకుంటాడు. డ్రెయిను పనులు ఎండాకాలంలో, కాలవలు కట్టేశాక, అడుగు ఆరి ఉన్నప్పుడు జరగాలి. మేము చూసిన ఏళ్లలో ఎక్కువసార్లు కాగితాలు కదిలి పని మొదలయ్యేసరికి జూన్ వచ్చేది. మిషను వచ్చి పైన డెక్కను లాగి గట్టున వేసేది. రెండు వానలకు అది మళ్లీ జారి డ్రెయిన్లో పడేది. అడుగున మేట ఎంత తీశారో కొలిచేటప్పటికి నిండా నీళ్లు. బిల్లు మాత్రం అడుగుదాకా తీసినట్టే అయ్యేది. కంట్రాక్టరుకు వరదంత ఆప్తమిత్రుడు మరొకడు లేడు, చేసిన పనీ చెయ్యని పనీ రెండూ అదే తుడిచిపెడుతుంది.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర ఒక కారణం, ముంపు ఇంకో కారణం. దేశమంతా మాట్లాడుకుంది. రైతు బాధ న్యాయమైనదే, మేమూ వాళ్లతో గొంతు కలిపాం. కాని ఆ విరామంలో ఊడ్పుకూలి పోయినవాళ్లను, కోతకూలి పోయినవాళ్లను ఏ విలేఖరీ అడగలేదు. రైతు నాటనని నిర్ణయించుకున్నాడు. కూలీని ఎవరూ అడగనేలేదు, ఆమెకు పస్తు వచ్చిపడింది.

ఇక బుడమేరు. బెజవాడ దుఃఖదాయని అని దానికి పేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టే మామూలు వాగు, ఏడాదిలో ఎక్కువ రోజులు మోకాలిలోతు. దాని సహజమైన దారి కొల్లేరుకు. ఊరు మునగకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, మళ్లింపు కాలవ తవ్వి కొంత నీటిని కృష్ణలోకి తిప్పారు. ఇందులో ఒక మెలిక ఉంది. కృష్ణ తక్కువగా ఉన్నప్పుడే ఆ తిప్పుడు పనిచేస్తుంది. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో రెండు పరీవాహకాల మీదా ఒకేసారి వాన విరుచుకుపడింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి మునుపెన్నడూ చూడని మట్టానికి వచ్చింది. బుడమేరు నీటిని కృష్ణ తీసుకోలేదు. మళ్లింపు కాలవకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. వాగు తన పాతదారి వెతుక్కుంటూ వచ్చేసరికి ఆ దారిలో సింగునగర్, రాజీవ్‌నగర్ లాంటి కాలనీలు. పల్లంలో సెంటు స్థలం చవకగా దొరికిందని అక్కడ ఇల్లు కట్టుకున్నది ఎవరు? ఆటోవాళ్లు, తాపీపనివాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. చాలామంది మన పల్లెల్లో పని లేక వెళ్లినవాళ్లే. పరీవాహకం ఎక్కడ మొదలైనా ముంపు పేదవాడి గడపలోనే తేలడం ఆ నేల ధరను బట్టి వచ్చింది.

బుడమేరూ, తమ్మిలేరూ, రామిలేరూ దిగేది కొల్లేట్లోకే. రెండు డెల్టాల మధ్య దేవుడు పెట్టిన తొట్టి అది. వచ్చిన వరదను పట్టి ఉంచి, 60 కిలోమీటర్ల ఉప్పుటేరు గుండా సముద్రానికి మెల్లగా వదిలేది. ఆ తొట్టిలో గట్లు వేసి గదులు గదులు చేసి చేపలచెరువులు తవ్వారు. మొదట బెస్తల సొసైటీల పేరన మొదలైంది, పోను పోను పెట్టుబడి ఉన్నవాడి లీజుల్లోకి పోయింది. 1999లో అయిదో కాంటూరు దాకా 77 వేల ఎకరాలు అభయారణ్యం అన్నారు. 2006లో గట్లు పేల్చారు. తర్వాత మళ్లీ గట్లు లేచాయి. ఈ మొత్తం వ్యవహారంలో వలవేసి బతికే బెస్తవాడికి చెరువూ దక్కలేదు, సరస్సూ దక్కలేదు. తొట్టి చిన్నదైతే పైన ముంపు, ఉప్పుటేరు పూడితే ఇంకా ముంపు. బెజవాడ మురుగుకూ కైకలూరు పొలానికీ సంబంధం ఏమిటనేవాళ్లు ఒకసారి ఆ వాగు వెంట నడిచి రావాలి. 2024 జులైలో ఎర్రకాలువ పొంగి నిడదవోలు వైపు నాట్లు కుళ్లిపోయినప్పుడూ ఇదే మాట. ఆ నీరు పోవలసింది యనమదుర్రులోకి, యనమదుర్రు పోవలసింది సముద్రంలోకి. కింద మూతి బిగిస్తే పైన కడుపు ఉబ్బుతుంది.

నీరు తీశాక లెక్కలు మొదలవుతాయి. అసలు అన్యాయం ఇక్కడే, నీళ్ల కంటే మెల్లగా, చప్పుడు లేకుండా వస్తుంది. పంట 33 శాతం, ఆ పైన పోతేనే నష్టం కింద రాస్తారు. రాసేది ఎవరి పేర? డెల్టాలో చేను చేసేది ఎక్కువగా కౌలుదారు. విత్తనం అతనిది, అప్పు అతనిది, నారు మునిగితే రెండోసారి నారు కొనేదీ అతనే. 2011లో కౌలుదార్లకు గుర్తింపు కార్డులని చట్టం వచ్చింది. 2019లో ఇంకో చట్టం చేసి భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే కార్డు అన్నారు. సంతకం పెడితే ఎక్కడ భూమి పోతుందోనని యజమాని పెట్టడు. పెట్టకపోతే పరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఆసామికి తన చేను మునిగిందని బ్యాంకు మెసేజీ చూస్తేనే తెలుస్తుంది. లంకభూములు ఏరు కోసుకుపోయినప్పుడు మరీ దారుణం. ఫీల్డు లేబరు సొసైటీల కింద దళితులు సాగుచేసే లంకల్లో నేలే పోతే, రాయడానికి పంటా ఉండదు, కొలవడానికి సెంటూ ఉండదు.

భూమే లేని కూలీ సంగతి? ఒక వరద తర్వాత మేము దగ్గరుండి విన్న మాటలు ఇవి. లెక్కలకు వచ్చిన ఉద్యోగి ఒకాయన పేటలో ఒక ముసలామెను అడిగాడు.

"నీకెంత భూమి ఉందమ్మా?"

"సెంటు లేదు బాబూ."

"ఇల్లు పడిపోయిందా?"

"గోడ నానింది, నిలబడే ఉంది నాయనా."

"గేదె గానీ, మేక గానీ?"

"లేవయ్యా."

"మరి నీకు నష్టం ఏముందమ్మా?"

"ఇరవై రోజులనుంచి పని లేదు బాబూ, అది రాసుకో."

ఆయన రాసుకోలేదు. చెడ్డవాడని మేము అనం. ఆయన చేతిలోని ఫారంలో దానికి గడి లేదు, అంతే. కాని ఒక సంగతి మన కూలీలందరికీ తెలియాలి. విపత్తు సహాయనిధి ఖర్చుకు కేంద్రం పెట్టిన నిబంధనల్లో జీవనాధారం తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు సాయం అనే పద్దు ఉంది. బియ్యం, కందిపప్పు, ఒక నూనె ప్యాకెట్టు ఇచ్చి ఫోటో తీయించుకుంటే ఆ పద్దు తీరినట్టు కాదు. మునిగిన చేనుకు యజమాని ఒక్కడే కాదు. ఊడ్చిన చేతులున్నాయి, కలుపు తీయవలసిన చేతులున్నాయి, కోతకు అడ్వాన్సు తీసుకుని ఖర్చుపెట్టుకున్న ఇళ్లున్నాయి. వారం పది రోజులు నీట మునిగితే మామూలు వరి కుళ్లిపోతుంది. రెండు వారాల దాకా ఓర్చుకునే స్వర్ణ సబ్-1 లాంటి రకాలు 2009లోనే విడుదలయ్యాయి, ముంపు పల్లాల్లో అటువంటి విత్తనం సకాలంలో అందితే రైతుకు పంటా మిగులుతుంది, కూలీకి కోతా మిగులుతుంది. కాని వరద కాలంలో విత్తనం ఎప్పుడూ నీళ్లు తీశాక నెలకే వస్తుంది.

వచ్చే ఎండాకాలం కాలవలు కట్టేసిన వారానికి మా సంఘాలవాళ్లం ఊరూరా డ్రెయిన్ల వెంట నడవాలని అనుకున్నాం. రైతుసంఘంవారినీ, కౌలుదార్లనూ కలుపుకుంటాం. మొగ దగ్గరనుంచి పైకి నడవాలి, పైనుంచి కిందికి కాదు. అడ్డం ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది. ఒక గెడ, ఒక తాడు, ఒక నోటుబుక్కు చాలు. ఎక్కడ ఎంత వెడల్పు ఉంది, అడుగున మేట ఎన్ని అడుగులుంది, ఏ తూము పగిలింది, గట్టు మీదికి ఎవరి చెరువు జరిగిందీ తేదీ వేసి రాసుకోవాలి. పని మొదలయ్యేముందు ఒకసారి, బిల్లు కాకముందు ఒకసారి అదే గెడతో అదే చోట కొలవాలి. పేటల్లో అక్కాచెల్లెళ్లు ఇంకో పుస్తకం పెట్టాలి. వాన మొదలైన రోజునుంచీ ఇంటింటా ఎన్ని పనిదినాలు పోయాయో పేరుపేరునా రాయాలి, మగవారివీ ఆడవారివీ విడివిడిగా. లెక్కలకు వచ్చినవారి ఫారంలో గడి లేకపోతే ఆ పుస్తకం నకలు జతచేసి తహసీల్దారు చేత అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

మొదటి నడక ఉప్పుటేరు మొగ దగ్గర మొదలవుతుంది. గెడలు ఎవరివి వారే తెచ్చుకోవాలి, పన్నెండు అడుగులకు తగ్గకుండా.